కొత్త మోకాళ్ళు, పాత కుళ్ళు

పీహెచ్‌సీలో కొత్తగా చేరబోయే డాక్టర్లకు ముందుగా ఒక మాట. మీరు చదువుకుని వచ్చేది పాముకాటు, కాన్పు, గుండెపోటు. మీ గది ముందు బెంచీ మీద కూర్చుని ఎదురుచూసేవి మాత్రం మోకాళ్ళు. నేను ఉదయగిరి, మర్రిపాడు, వింజమూరు తిరిగి, చివరికి ఆత్మకూరులో రిటైరయ్యాను. పోయిన చోటల్లా ఊరు మారింది, సిస్టరు మారింది, పైఅధికారి మారాడు. బెంచీ మీద మోకాళ్ళు మాత్రం అవే.

రెండో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తే మంచిది. నేను కుళ్ళుబోతును. మోకాళ్ళకు వైద్యం చేసే ప్రతి మనిషినీ చూసి కుళ్ళుకున్నాను. వింజమూరు బస్టాండులో నూనె సీసాలు అమ్మేవాడి గిరాకీ చూసి కుళ్ళుకున్నాను. మర్రిపాడులో సూదులేసే ఆర్‌ఎంపీని చూసి కుళ్ళుకున్నాను. అందరికన్నా ఎక్కువగా మోహన్‌ను చూసి కుళ్ళుకున్నాను, ఇప్పటికీ కుళ్ళుకుంటున్నాను. తప్పు ఒప్పుకుంటున్నానని అనుకోకండి. అది తప్పని నాకింకా అనిపించడం లేదు. కానీ దానివల్ల ఒక మనిషికి ఏం జరిగిందో చెప్పాలి, అందుకే ఇదంతా రాస్తున్నాను.

లేచేటప్పుడు చూడండి

మోకాళ్ళ నొప్పి అని చెప్పుకుంటూ లోపలికి వచ్చేవాళ్ళు తక్కువ. బీపీ మాత్రల కోసమనో, మనవడి దగ్గు కోసమనో వస్తారు. అంతా అయిపోయి, చీటీ చేతికిచ్చాక, తలుపు దగ్గర ఆగి, "ఇంగోటి నాయనా, ఈ మోకాళ్ళు..." అంటారు. మీరు అప్పటికే తరవాతి మనిషిని పిలిచి ఉంటారు. నలభై అయిదు దాటిన ఆడవాళ్ళలో ఈ మాట అననివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఆలోచిస్తే నాకు చప్పున ఎవరూ గుర్తుకు రారు.

నొప్పులు ఎందుకుండవు? వేరుసెనగ పీకాలన్నా, మిరపకాయలు కొయ్యాలన్నా, నాట్లు వెయ్యాలన్నా, గేదె పాలు పిండాలన్నా, గిన్నెలు తోమాలన్నా మోకాళ్ళు మడవాల్సిందే. మగవాడు మధ్యాహ్నం టీ అంగడి బెంచీ మీద కాళ్ళు చాపుకుంటాడు. ఆడమనిషి అప్పుడు కూడా నేల మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంటుంది. మా క్రైస్తవుల ఇళ్ళల్లో అయితే దీనికి తోడు ప్రార్థన ఒకటి. పొద్దున, సాయంత్రం, శుక్రవారం, ఆదివారం మోకాళ్ళ మీదే.

మలేరియాకు టార్గెట్ ఉంది. టీబీకి టార్గెట్ ఉంది. కుటుంబ నియంత్రణకు ఒకప్పుడు ఎంత టార్గెట్ ఉండేదో మా తరం వాళ్ళను అడగండి. మోకాళ్ళ గురించి మాత్రం జిల్లా నుంచి ఏనాడూ ఎవరూ ఫోన్ చేసి అడగలేదు. ఆ జబ్బుతో మనిషి చావడు కాబట్టి దానికి విలువ లేదు. మనిషి చావకుండా మంచం మీద ఉండిపోవడం కూడా చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

ఉదయగిరిలో నా మొదటి బాసు చాలా ముక్కోపి. పేషంటు లోపలికి వచ్చేటప్పుడు నేను వాళ్ళ మొహం చూస్తుంటే ఆయన విసుక్కునేవాడు. "కూర్చోనుండంగా ఏం జూస్తావయ్యా? లేసేటప్పుడు జూడు. చెయ్యి యాడ పెడ్తాదో జూడు" అనేవాడు. నిజమే. తొడ మీద చేయి ఆనించి లేస్తే ఒక రకం, బల్ల పట్టుకుని లేస్తే ఒక రకం, పక్కనున్న కోడలు చెయ్యి అందిస్తే మరో రకం. మోకాలి మీద అరచెయ్యి పెట్టి కాలు మడిచి చాపితే లోపల కరకరమని తెలుస్తుంది. అది తెలిశాక ఎక్స్‌రే కోసం తొందరపడొద్దు. ఫిల్ములో మోకాలు పూర్తిగా పాడైపోయి కనబడే మనిషి మర్రిపాడు గుట్టల్లో మేకల వెనక హాయిగా తిరుగుతుంటాడు. ఫిల్ము శుభ్రంగా ఉన్న మనిషి మీ ముందు కూర్చుని ఏడుస్తుంటుంది. ఫిల్ముకు మందు రాయొద్దు.

ఆయన దగ్గరే ఒకసారి గట్టిగా తిట్లు తిన్నాను. ఒక రైతుకు గుజ్జు అరిగిందని చెప్పి మాత్రలు రాశాను. బాసు ఆ మనిషిని వెనక్కి పిలిచి, గడ్డం గుండెకు తగిలేటట్టు మెడ వంచమన్నాడు. వంగలేదు. నడుము వంచమన్నాడు. అదీ వంగలేదు. "ఏ బోరు నీళ్ళు తాగుతుండావు?" అని అడిగి, పళ్ళు చూపించమన్నాడు. నీళ్ళలోని ఫ్లోరైడు ఆ మనిషి ఎముకలన్నిటినీ బిగించేసింది. ఆ వైపు ఊళ్ళల్లో పనిచేసేవాళ్ళు మోకాలు చూసి అక్కడితో ఆగిపోవద్దు. నలుగురి ముందు తిట్టినందుకు నాకు బాధ లేదు. నాకు తట్టనిది ఆయనకు ఇట్టే తట్టిందని మాత్రం ఆ రోజంతా మండింది.

నా వైద్యం ఎవరికీ నచ్చదు

నేను చెప్పేది ఏముంది? తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకో. కాలు చాపి దాన్ని కిందికి నొక్కు, కాసేపు బిగించి వదులు. రోజూ చెయ్యి. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది. పీట బదులు కుర్చీ వేసుకో. ఒళ్ళు తగ్గు. నొప్పి మరీ ఎక్కువైతేనే మాత్ర. ఇదే సరైన వైద్యమని ఇప్పటికీ అంటాను. ఇదంతా విని వాళ్ళు అడిగేది ఒకటే: "సూది ఎయ్యవా?"

సూది వెయ్యనందుకు మర్రిపాడుకు పోయేవాళ్ళు. ఆర్‌ఎంపీ వేసిన సూదికి నొప్పి మంత్రం వేసినట్టు పోయేది. కొన్నాళ్ళకు మొహం ఉబ్బి, షుగరు పెరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చేవాళ్ళు. అప్పుడు కూడా, "ఆయన సూదికి తగ్గింది డాక్టరా, నీ మాత్రకు తగ్గలా" అనేవాళ్ళు. నొప్పి మాత్రలు మిఠాయిల్లాగా మింగి రక్తం కక్కుకున్న మనిషిని ఒకసారి నెల్లూరుకు పంపాను. మాత్ర రాసే ముందు కడుపునూ కిడ్నీలనూ తలుచుకోండి. పేషంటుకు మీ మీద కోపం వచ్చినా పరవాలేదు.

నూనెవాడిది వేరే కథ. వాడు బస్టాండులో పెద్దవాళ్ళను గట్టు మీద కూర్చోబెట్టి, తనే కింద కూర్చుని, బస్సు వచ్చేదాకా కాళ్ళు రుద్దేవాడు. ఆ నూనెలో కర్పూరం వాసన తప్ప ఏమీ లేదు. నా దగ్గర రెండు నిమిషాలు నిలబడలేక సణిగే ముసలమ్మలు వాడి దగ్గర నవ్వుతూ కూర్చోవడం బస్సు కిటికీలోంచి చూసి మొహం తిప్పుకున్నాను.

మోహన్

మోహన్‌ది జలదంకి వైపు. మెడికల్ కాలేజీలో మాది ఒకే గది. అనాటమీ అంటే వాడికి చెమటలు పట్టేవి. మోకాలి లోపల ఏది ఎక్కడుంటుందో వాడికి ఎంతకీ ఎక్కకపోతే, మెస్సులో మేక కాలు అడిగి తెచ్చి, కీలు విప్పి చూపించింది నేను. పరీక్షలో వాడికి అదే ప్రశ్న వచ్చింది. తరవాత ఎముకల సీటు వాడికి వచ్చింది, నాకు ఉదయగిరి వచ్చింది.

ఇప్పుడు వాడికి నెల్లూరులో పెద్ద ఆసుపత్రి ఉంది. వారానికొకసారి ఆత్మకూరు వచ్చి చూస్తాడు. ఆ రోజు వాడి గది ముందు ఆటోలు ఆగడానికి చోటుండదు. పని బాగా చేస్తాడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఎంత కష్టమైందో మీకు తెలియదు.

"ఆ మోహన్‌కు మోకాలంటే ఏందో చూపించిందే నేను" అని నా ఓపీలో అనని రోజు లేదు. పేషంటు మోహన్ పేరెత్తితే చాలు, మేక కాలు కథ మొదలుపెట్టేవాణ్ణి. మా సిస్టరు నా వెనక నన్ను అనుకరించి ఫార్మసిస్టును నవ్విస్తుందని కూడా నాకు తెలుసు. నాకు మోహన్ అంటే గిట్టదని ఆత్మకూరు చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. తెలిస్తే ఏమవుతుందిలే అనుకున్నాను.

దీవెనమ్మ

దీవెనమ్మది ఆత్మకూరు నుంచి మర్రిపాడు పోయే దారిలో చిన్న ఊరు. కూలి పనికి పోయేది. ఆ ఊరి చర్చిలో శుక్రవారం స్త్రీల కూటానికి ఆమే పెద్ద. అక్కడొక పద్ధతి ఉంది. ప్రార్థన నడిపించే మనిషి మోకాళ్ళూనాలి, ఆమెతో పాటు అందరూ మోకాళ్ళూనుతారు. తక్కినవాళ్ళ తలలు కిందుంటే తాను కుర్చీ మీదో, నిలబడో ప్రార్థన నడిపించడం అక్కడ ఉండదు. దీవెనమ్మ ప్రార్థన మా ఆవిడతో పాటు వెళ్ళి నేను ఒకసారి బయటినుంచి విన్నాను. రాగం పెట్టి, ఎవరినీ మరిచిపోకుండా పేరు పేరునా దేవుడికి అప్పజెప్పేది. ఒకరి గేదె, ఒకరి కొడుకు పరీక్ష, ఒకరి గర్భసంచి, అందరికీ వాన. ఆమె నోటితో తమ పేరు వినడానికే ఆడవాళ్ళు పనులు మానుకుని వచ్చేవాళ్ళు. ప్రార్థన అయ్యాక ఇద్దరు రెక్కలు పట్టి లేపితే తప్ప ఆమె లేవలేకపోయేది.

నేను చెప్పిన తువ్వాలు ఎక్సర్‌సైజు నా సర్వీసు మొత్తంలో ఏళ్ళ తరబడి వదలకుండా చేసిన మనిషి ఆమె ఒక్కతే. అందుకే ఆమె నా పేషంటు అని నాకు గర్వం. కానీ మోకాళ్ళు నా గర్వం కోసం ఆగవు కదా. కాళ్ళు విల్లుల్లా వంగిపోయాయి. ఎముకకు ఎముక రాసుకుంటోంది. నా దగ్గర ఇక ఏమీ మిగల్లేదు.

ఒక రోజు ఓపీకి వచ్చి బల్ల పట్టుకుని నిలబడింది.

"మోహన్ డాక్టరు రెండు మోకాళ్ళూ మార్చుకోమన్నాడు నాయనా. నువ్వేమంటావు?"

నాకు ఒళ్ళు మండింది. అయినా వైద్యుడిగా అనాల్సిందే అన్నాను. "మార్చుకో. నొప్పి పోతుంది. బాగా నడుస్తావు. కానీ మోకాళ్ళ మీద ఉండటం మునుపటి మాదిరి రాదు. దాని సంగతి ఆపరేషనుకు ముందే ఆయన్ను అడుగు."

ఆమె నవ్వింది. వెనకాల సిస్టరు కూడా నవ్వింది.

"నీకు ఆయనంటే గిట్టదులే నాయనా. ఊరంతా తెలిసిన సంగతే గదా. మోకాళ్ళు మార్చినాక మోకాళ్ళూనడం రాకపోతే ఇంగ వాటిని మార్చేదెందుకు?"

"నా మాట నమ్మకపోతే పోనీ. ఆయన్నే అడుగమ్మా."

"అడగతాలే" అంది. అడగలేదు. అడగాల్సిన సంగతే కాదనుకుంది. మోకాళ్ళు ఉన్నవే మోకరించడానికి అని ఆమె లెక్క. నడవడం కోసమే ఆపరేషను చేయించుకుంటోందని మోహన్ లెక్క.

చిన్న డాక్టర్లూ, ఇక్కడ ఆగి చదవండి. ఇన్నేళ్ళూ మోహన్ గురించి నేనన్న పది మాటల్లో తొమ్మిది కుళ్ళు మాటలు. పదోది నిజం. ఆ పదోదాన్ని కూడా ఆమె తొమ్మిదింటితో కలిపి అవతల పారేసింది. మీకు తోటి డాక్టరంటే మండితే మండనివ్వండి, అది మన చేతిలో లేదు. పేషంటు ముందు మాత్రం నోరు మూసుకోండి. అతని పని గురించి ఒక రోజు మీరు ఒక నిజం చెప్పాల్సి వస్తుంది. ఆ రోజు మీ మాటకు విలువ ఉండాలి.

సాక్ష్యం

ఆపరేషను అయింది. వంగిపోయిన కాళ్ళు నిటారుగా నిలబడ్డాయి. కొన్ని నెలలకు దీవెనమ్మ కర్ర లేకుండా చర్చికి నడిచి వచ్చి, ఆదివారం అందరి ముందు సాక్ష్యం చెప్పింది. అంటే దేవుడు తనకు చేసిన మేలును లేచి నిలబడి చెప్పుకోవడం. మా ఆవిడ నన్ను కూడా తీసుకుపోయింది. మూడో వరసలో కూర్చున్నాను.

దేవుడికి స్తోత్రం చెప్పింది. మోహన్ డాక్టరు చేతులను దీవించమంది. ఆసుపత్రిలో నడిపించిన పిల్లను, భోజనం తెచ్చిన చెల్లెలిని, ఆఖరికి ఆటో డ్రైవరును కూడా తలుచుకుంది. నేను చొక్కా సర్దుకుని కూర్చున్నాను. నా పేరు రాలేదు. ఆ తువ్వాలు చుట్టించింది ఎవరు? ఆ తొడల్లో కండ ఎవరిది? ఆ కండే లేకపోతే మోహన్ పెట్టిన మోకాళ్ళు ఎవరిని నడిపించేవి? ఇంటికొచ్చేదాకా మా ఆవిడతో మాట్లాడలేదు.

తరవాత కొద్ది కాలానికి నేను రిటైరయ్యాను. ఒక రోజు పొద్దున దీవెనమ్మ ఆటో దిగి మా ఇంటికి వచ్చింది. చక్కగా నడిచి వచ్చింది, మొహం మాత్రం వాడిపోయి ఉంది. కుర్చీ వేశాను. దాన్ని చూసి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ కుర్చీయే నాయనా నా పాణం దీస్తుండాది. నేల మీదకు దిగొద్దని ఆస్పత్రిలో చెప్పి పంపినారు. చర్చిలో పెద్దల పక్కన నాకు కుర్చీ ఏసినారు. అందురూ మోకాళ్ళూనతారు, నేనొక్కదాన్నే పైన కూర్చోనుంటాను, తాసిల్దారు మాదిరి. శుక్రవారం ప్రార్థన ఇప్పుడు ఏస్తేరమ్మ జేస్తుండాది."

"చెయ్యనీ. నువ్వు విశ్రాంతి తీసుకో."

"ఆమెకు రాగం లేదు. పేర్లు మరిచిపోతాది. అయినా అందురూ ఆమె చుట్టే చేరతుండారు. ఆమె ప్రార్థన జేస్తుంటే నాకు కుళ్ళుగా ఉండాది నాయనా. ప్రార్థన ఇని కుళ్ళుకునేదాన్ని దేవుడేమనుకుంటాడు? అందుకే శుక్రవారం పోవడమే మానుకున్నాను."

నాకు ఆమె మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టింది. ఇన్నేళ్ళలో నా జబ్బే ఉన్న పేషంటు మొదటిసారి నా ముందు కూర్చుంది.

"నువ్వు చెప్పినావు, నేనే ఇనుకోలేదు" అంది. "ఇంగ దీనికి దోవ లేదా?"

దోవ ఉందో లేదో చెప్పగలిగేది ఆ మోకాళ్ళు పెట్టినవాడే. రిటైరయ్యాక మోహన్‌కు నేను ఫోన్ చెయ్యలేదు. ఆమె ఎదురుగా కూర్చుని ఉండగా చేశాను. విషయం చెప్పాను.

"ప్రార్థనలో మోకరించే పని ఉందా అని నేను అడగాల్సింది రా. అడగలా. నేల మీద కూర్చోవద్దని అందరికీ చెప్పినట్టే మావాళ్ళు ఆమెకీ చెప్పేసినారు. పోయినసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు చూసినా, గాయం బాగా మానింది, ఎక్స్‌రే బాగుండాది. మెత్తటిదేదైనా ఏసుకుని నిదానంగా మోకరించొచ్చు. మడమల మీదికి వాలి కూర్చోకూడదు, అంతే. నువ్వే నేర్పించు. నాకు మోకాలు నేర్పించినోడివి నువ్వేగా."

వాడు ఎగతాళి చేస్తున్నాడేమోనని జాగ్రత్తగా విన్నాను. చెయ్యడం లేదు. మనసులో ఏమీ పెట్టుకోకుండా అన్నాడు. వాడి దగ్గర నాకు అన్నిటికన్నా భరించలేనిది ఇదే. సర్జరీ, ఆసుపత్రి, పేరు ఎలాగూ వాడివే. మంచితనం కూడా వాడికే ఉండాలా?

మా వరండాలో నేర్పించాను. నాలుగు మడతలు వేసిన బొంత, ముందు బరువైన చెక్క కుర్చీ. కుర్చీ చేతులు పట్టుకుని ఒక కాలు వెనక్కి, తరవాత రెండోది. మొదటిసారి మోకాలు బొంతకు తగలగానే ఆమె కెవ్వుమంది. నొప్పి లేదు, భయం. మచ్చ పక్కన చర్మానికి స్పర్శ తెలియదు, అది ఆపరేషను తరవాత చాలామందికి ఉండేదే. "నా కాలు కానట్టుండాది" అంటూ తడుముకుంది. వారాల పాటు వచ్చింది. లేచేటప్పుడు కుడికాలు ముందుకు వేసి, తొడ బిగించి, ఎవరూ రెక్క పట్టకుండా తనంతట తాను లేచిన రోజు మా ఆవిడ చప్పట్లు కొట్టింది. అది నేను పెంచిన కండ. మోహన్‌ది కాదు.

ఆ శుక్రవారం దీవెనమ్మ మళ్ళీ కూటానికి పోయింది. ఏస్తేరమ్మ తనే బొంత పరిచి, కుర్చీ తెచ్చి పెట్టింది. ఆడవాళ్ళ కూటం కాబట్టి నేను గుమ్మం బయట నిలబడ్డాను. పేషంటు ఎలా వంగుతుందో చూడాలని వచ్చానని మా ఆవిడతో చెప్పాను. అసలు దేనికి వచ్చానో ఆమెకు తెలుసు.

దీవెనమ్మ కుర్చీ పట్టుకుని నిదానంగా దిగింది. ఒక మోకాలు, తరవాత రెండోది. అందరూ ఆమెతో పాటు మోకాళ్ళూనారు. పాత రాగం మొదలైంది. గేదెలు, పరీక్షలు, వాన. మోహన్ డాక్టరు చేతులు మళ్ళీ వచ్చాయి, ఈసారి ఇంకా పొడుగ్గా. వాడి పిల్లలు కూడా వచ్చారు. నేను గోడకు ఆనుకుని పళ్ళు బిగించాను. అప్పుడు వినబడింది.

"తండ్రీ, ఏస్తేరమ్మ మీద నాకుండే కుళ్ళు ఈ పొద్దు తీసేసినావు, నీకు స్తోత్రం. బయట మా డాక్టరయ్య నిలబడుండాడు. నన్ను మళ్ళీ నీ ముందర మోకరించేటట్టు జేసినాడు. మంచోడు తండ్రీ. మోహన్ డాక్టరు మీద ఆయనకుండే కుళ్ళు గూడా తీసెయ్ ప్రభువా. శానా పాతది. నీకు తప్ప ఇంకెవురికీ చాతగాదు."

ఆడవాళ్ళందరూ ఒక్క గొంతుతో ఆమెన్ అన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది మా ఆవిడ.